పతాక, పడగ, సిడము

సందేహం: చెన్నై సెయింట్ జార్జి కోట మ్యూజియంలో, 1947 ఆగస్టు 15న ఆ కోటమీద ఎగిరిన పట్టుజెండా చూశాను. జెండా, పతాకం, ధ్వజం, కేతనం ఒకటేనా? నడుమనున్న చక్రాన్ని 'లోగో' అంటే మా అబ్బాయి ఒప్పుకోవడం లేదు.
– ఒక పాఠకుడు, నెల్లూరు

సమాధానం: మీ అబ్బాయిదే సరి. 12 అడుగుల పొడుగు, 8 అడుగుల వెడల్పు ఉన్న ఆ పట్టుబట్ట ఇన్నేళ్లు దక్కడమే మన అదృష్టం. దాని నడుమనున్న అశోకచక్రాన్ని లోగో అనడానికి నోరెలా వస్తుందండీ? అది లాంఛనం. చాళుక్యులది వరాహలాంఛనమని చదువుకున్నాం కదా. లాంఛనమంటే గుర్తు, కుందేలు గుర్తున్న చంద్రుడు శశలాంఛనుడైంది అందుకే. 'లాంఛనంగా ప్రారంభించారు' అని రాసిరాసి ఆ మాటను మొక్కుబడి కింద దించేశాం.

అమరకోశం పతాక, కేతనం, ధ్వజాలను ఒకే చోట చెప్పింది. కానీ వాటి రుచి తెలియాలంటే తిక్కన విరాటపర్వం తెరవాలి. ఎదుట కౌరవసేన. ఎవరెవరో ఉత్తరుడికి తెలియదు. అర్జునుడు ముఖాలు వర్ణించడు, జెండాలు చూపిస్తాడు. ద్రోణుడి కేతనంమీద బంగారు వేదిక, అశ్వత్థామ కేతువుమీద సింహం తోక, కృపుడి ధ్వజంమీద బంగారు ఎద్దు, కర్ణుడి పతాకమీద శంఖం. సీసపాదాలు నాలుగూ ఇలా సంస్కృతం మాటలతో నడిచాక, తేటగీతిలో తెలుగు మాటలు దిగుతాయి: 'మణిమయోరగ రుచిజాల మహితమైన పడగవాఁడు కురుక్షితిపతి'. దుర్యోధనుడి గుర్తు పాము. పడగ అంటే జెండా, పాముపడగా! ఆ మాట సరిగ్గా అక్కడే పడాలి. భీష్ముడి తాటిచెట్టు గుర్తున్న జెండాకు 'సిడము'. ఆరుగురికి ఆరు మాటలు, ఒక్కటీ మళ్లీ రాలేదు. చివర 'ఏర్పడఁ జూచికొనుము' అంటాడు. జెండా పని అదే, గుర్తుపట్టించడం. 1947 జులై 22న రాజ్యాంగ సభలో నెహ్రూ, మునుపటి జెండామీది రాట్నం బదులు చక్రం ఎందుకో చెబుతూ, గుర్తు రెండువైపులా ఒకేలా కనబడాలన్నాడు.

ఇక పతాకం. సంస్కృతంలో పతాకా స్త్రీలింగం, తెలుగులో పతాక కావాలి. పత్రికలవాళ్లు 'పతాక శీర్షిక' అని సరిగ్గానే అంటారు, ఆ శీర్షికలోనే 'జాతీయ పతాకం' అని రాస్తారు. జనంలో నాటుకుపోయిన మాట కనుక తప్పని కొట్టేయలేను, నేను మాత్రం రాయను. జెండా హిందీ నుంచి వచ్చిందే అయినా, 'మువ్వన్నెల జెండా' అన్నాక అది మనదే.