వ్యంగ్యం రాస్తున్న చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీవు పంపిన కథ చదివాను. కౌలు రైతుల అప్పుల మీద నీ ఆగ్రహం నిజమైనదే. అయితే ప్రతి పేరాలోనూ నీవే ముందుకు వచ్చి దుర్మార్గుణ్ని దుర్మార్గుడని నిందిస్తూ ఉండడంతో, పాఠకుడు స్వయంగా కోపం తెచ్చుకోవడానికి చోటు మిగలలేదు. ఈ చిక్కు విప్పుకోవడానికి పద్దెనిమిదో శతాబ్దపు యూరప్ రచయితలను చదవమంటాను. ఆ కాలానికి హేతుయుగమనీ, నవ్య సంప్రదాయ యుగమనీ పేర్లు పెట్టి, నియమాలూ నీతులూ తప్ప అందులో ఏమీ లేనట్టు పాఠ్యపుస్తకాలు చెబుతాయి గాని, కోపాన్ని పొదుపుగా వాడడం వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదని నా అభిప్రాయం.

జొనాథన్ స్విఫ్ట్‌తో మొదలుపెట్టు. డబ్లిన్‌లోని సెయింట్ పాట్రిక్స్ కెథీడ్రల్‌కు డీన్‌గా, అంటే ప్రధాన మతాధికారిగా, ఉన్న ఆయన, ఐర్లండ్ పేదలు ఆకలితోనూ కౌళ్ల భారంతోనూ చితికిపోతున్న 1729లో, తన పేరు లేకుండా ‘ఎ మోడెస్ట్ ప్రపోజల్’ (ఒక వినమ్ర ప్రతిపాదన) అనే కరపత్రం అచ్చువేయించాడు. అందులో మాట్లాడేది లెక్కలంటే మక్కువ గల ఒక పెద్దమనిషి. ఏటా పేద దంపతులకు 1,20,000 మంది పిల్లలు పుడుతున్నారనీ, వారిలో 20,000 మందిని సంతతి కోసం ఉంచి తక్కిన లక్షమందిని ఏడాది నిండగానే సంపన్నుల భోజనానికి అమ్మితే దేశం బాగుపడుతుందనీ, గొంతు పెంచకుండా, ధరవరలతో సహా వివరిస్తాడు. తల్లిదండ్రులను ఇప్పటికే చాలావరకు తినేశారు కనుక పిల్లల మీద హక్కు కూడా భూస్వాములకే ఎక్కువ అని ఒక్కచోట అంటాడు. స్విఫ్ట్ గొంతు అక్కడ బయటపడినట్టే ఉంటుంది గాని, మరుక్షణమే ఆ పెద్దమనిషి ఏ కాలంలో ఈ మాంసం ఎక్కువగా దొరుకుతుందనే చర్చలోకి వెళ్లిపోతాడు. చివరికి వచ్చేసరికి, విదేశంలో కూర్చున్న భూస్వాముల మీద పన్ను, స్వదేశీ వస్తువుల వాడకం వంటి అసలైన మార్గాలన్నీ వరుసగా పేర్కొని, వాటి ఊసు తన దగ్గర ఎత్తవద్దంటాడు. ఐరిష్ వస్తువులే వాడమని 1720లో స్విఫ్ట్ నేరుగా రాసినప్పుడు ప్రభుత్వం ఆ పుస్తకం అచ్చువేసిన ముద్రాపకుడిపై కేసు పెట్టిందన్న సంగతి తెలిస్తే, ఆ నిరాకరణ ఎంత చేదైనదో అర్థమవుతుంది.

ఫ్రెంచి రచయిత వోల్టేర్ దగ్గర ఇంకో పాఠం ఉంది. 1755 నవంబర్ 1న పోర్చుగల్ రాజధాని లిస్బన్‌ను భూకంపం నేలమట్టం చేసినప్పుడు, అంతా మన మంచికేనన్న తత్త్వం మీద మండిపడి, 1756లో ఆయన ఒక దీర్ఘ కవిత ప్రకటించాడు. అందులో వాదన ఉంది, వేదన ఉంది. 1759లో అదే కోపంతో ‘కాండీడ్’ అనే వ్యంగ్య నవల రాసినప్పుడు మాత్రం ఆ తత్త్వాన్ని సమర్థిస్తూ వాదించే పని పాంగ్లాస్ అనే గురువు పాత్రకు అప్పగించి, తాను సంఘటనలను త్వరత్వరగా చెప్పుకుంటూ పోయాడు. భూకంపాలు మళ్లీ రాకుండా కొందరిని సన్నని సెగ మీద కాల్చడమే ఉపాయమని పండితులు తేల్చిన అధ్యాయంలో, శిక్ష అమలైన రోజునే భూమి మళ్లీ కంపించిందని ఒక్క వాక్యంతో సరిపెడతాడు. కవితను ఇప్పుడు పరిశోధకులే ఎక్కువగా చదువుతారు. ‘కాండీడ్’ను అందరూ చదువుతారు. అయితే యూదుల మీద ఆయన విసిరిన ఎత్తిపొడుపులను అనుకరించవద్దు. బలహీనుల మీదికి మళ్లిన వ్యంగ్యం ఎంతటి వాడిదైనా నాకు రుచించదు.

ఈ దారి తెలుగుకు కొత్తదేమీ కాదు. స్విఫ్ట్ గలివర్ యాత్రల నమూనాను తీసుకొని కందుకూరి వీరేశలింగం ‘సత్యరాజా పూర్వదేశయాత్రలు’ రాశారు. దాన్ని కూడా వెతికి చదువు.

ఇక నీ కథ సంగతి. రాసినదాన్ని ఇరవైసార్లు మగ్గం మీదికి ఎక్కించమని 1674లోనే ఫ్రెంచి కవి బ్వాలో తన కావ్యశాస్త్రంలో చెప్పాడు. నీవు ముందు ఒక్కసారి ఎక్కించు. చెప్పే బాధ్యత వడ్డీవ్యాపారి గుమస్తాకు అప్పగించు. తన యజమాని ధర్మాత్ముడని అతడు మనసారా నమ్మాలి, వడ్డీ లెక్క పైసాతో సహా సరిగ్గా చెప్పాలి, రైతు ఇంటి తలుపులు జప్తు చేయడం ఆ కుటుంబానికి మేలేనని ఓపికగా నిరూపించాలి. నీవు శాపనార్థాలు పెట్టిన ఆఖరి రెండు పేరాలు తీసేసి, ఆ జప్తు జాబితాతోనే కథ ఆపి, నాకు మళ్లీ పంపు.