అపార్ట్‌మెంట్‌లో పిల్లలతో కొండపల్లి బొమ్మలకు రంగులు వేయించాలంటే ఏమేం చూసుకోవాలి?

మీ బెజవాడ అపార్ట్‌మెంట్‌లో పాతికమంది పిల్లలతో కొండపల్లి బొమ్మలకి రంగులు వేయిస్తామనీ, మార్చిలో ఒక ఆదివారం మధ్యాహ్నం మూడింటికి డాబా మీద పెడతామనీ అన్నారు. ముందు ఆ టైమూ, చోటూ మార్చండి. బెజవాడ ఎండకి ఆ వేళ స్లాబు మీద కాలు పెట్టలేరు, అక్రిలిక్ రంగు ప్లేట్లోనే అట్టకట్టేస్తుంది. నాలుగున్నరకి, బిల్డింగుకి తూర్పు వైపు నీడలో పెట్టుకోండి. సెల్లార్ అసలొద్దు, ట్యూబ్‌లైట్ల కింద ముదురు నీలానికీ నలుపుకీ తేడా తెలియదు. ఆరుంబావు దాటితే వెలుతురు తగ్గిపోతుంది కాబట్టి గంటన్నరలో అయిపోవాలి.

అసలు సంగతి బొమ్మల దగ్గరుంది. కొండపల్లి సుమారు 20 కిలోమీటర్లే, కనీసం రెండు వారాల ముందు వెళ్లి బొమ్మల కాలనీలో చెప్పి చేయించుకోండి. దసరా, సంక్రాంతి కొలువుల ముందైతే వాళ్లకి తీరిక దొరకదు, మార్చిలో అడగొచ్చు. "తెల్లపూత వేసి ఆరబెట్టినవి, రంగు వెయ్యనివి" అని స్పష్టంగా చెప్పండి. ఈ బొమ్మలు చెక్కేది తెల్లపొణికి అనే తేలిక కర్రతో, పూత లేకపోతే అది రంగుని పీల్చేస్తుంది, గీత పక్కకి పాకుతుంది, ఎరుపు కాస్తా ఇటుకరంగులోకి దిగిపోతుంది. ఏనుగు, ఎద్దు, చిలక లాంటి గుండ్రటి ఒంటి బొమ్మలు తీసుకోండి. దశావతారాల సెట్టు, తాటిచెట్టు చూడ్డానికి బాగుంటాయి కానీ ఎనిమిదేళ్ల పిల్లలకి అవి శిక్షే. పాతికమందికి ముప్పై బొమ్మలుండాలి, నాలుగైదు ఎలాగూ విరుగుతాయి.

విరగడానికి కారణం చాలాసార్లు పిల్లల దూకుడు కాదు, నీళ్లు. తొండం, చెవులు, కాళ్లు విడివిడిగా చెక్కి మక్కుతో అతికిస్తారు. మక్కంటే చింతగింజల పిండి జిగురు, రంపపు పొట్టు కలిపిన ముద్ద. బ్రష్ నీళ్లు ఓడుతుంటే అతుకు దగ్గర అది నాని, చెవి చేతికొచ్చేస్తుంది. అందుకని ప్రతి పిల్లకీ ఒక పాతగుడ్డ ముక్క ఇవ్వండి. బ్రష్ కడిగాక దానికి అద్ది, ఆ తర్వాతే రంగులో ముంచాలి. ఊడితే ఫెవికాల్ పెట్టి పక్కన ఆరనివ్వండి, అదే బొమ్మకి వెంటనే మళ్లీ రంగు వెయ్యనివ్వకండి.

రంగులు ఆరు చాలు: ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ, తెలుపు, నలుపు. ఒక్కోటి వంద మిల్లీలీటర్ల సీసా, తెలుపు మాత్రం రెండు. ప్లేట్లో చింతగింజంతే పొయ్యండి, అయిపోతే మళ్లీ పొయ్యొచ్చు. ఎనామిల్ జోలికి పోవద్దు, వాసనా, థిన్నరూ, రేపటిదాకా ఆరకపోవడమూ. బ్రష్‌లు ఆరో నంబరు చదునుది, రెండో నంబరు గుండ్రటిది మనిషికొకటి. సున్నా నంబరు అందరికీ కలిపి ఐదారు సరిపోతాయి, కళ్లు గీసేది దాంతోనే.

లేత రంగులు ముందు, ముదురువి తర్వాత. ఒక పూతకీ ఇంకో పూతకీ పది నిమిషాలు ఆగాలి. ఈ పది నిమిషాలు పిల్లల్ని ఆపడమే కష్టం! కళాకారుడిని పిలిచి ఉంటే బాడిస, ఉలి, ఆకురాయి పట్టి చెక్కి చూపించే పని ఇక్కడ పెట్టండి, మొదట్లో కాదు. ఆయన్ని మాత్రం ప్రతి బొమ్మకీ కళ్లు దిద్దమని కూర్చోబెట్టకండి, క్యూ కట్టేస్తారు. రానుపోను ఖర్చు, రోజు కూలి ముందే మాట్లాడుకోండి. అమ్ముకోడానికి ఒక బల్ల కూడా వెయ్యండి.

రంగు మొదలెట్టకముందే బొమ్మ అడుగున పెన్సిల్‌తో నంబరు రాయించండి. లేకపోతే చివర్లో ఏ ఏనుగు ఎవరిదో తేలక ఏడుపులు. స్టాండు ఫ్యాన్ బొమ్మలవైపు తిప్పకండి, పొణికి కర్ర తేలిక, తడి బొమ్మ బోర్లా పడుతుంది. కింద న్యూస్‌పేపర్ పరిస్తే తడి అడుగు దానికి అంటుకుపోతుంది, పాత ఫ్లెక్సీ ముక్క నయం. వార్నిష్ ఆ రోజు వద్దు, మర్నాడు ఇంట్లో పెద్దవాళ్లు పల్చగా ఒక పూత వేస్తే చాలు.

మైకు మాత్రం పెట్టకండి. పైఫ్లోర్లలో టెన్త్ పిల్లలకి పరీక్షలు నడుస్తుంటాయి, గొడవ అక్కడే మొదలవుతుంది.