రాత్రిపూట వినే పాటలు ఏరుకునే పద్ధతి

చి. అల్లుడికి, ఆశీస్సులు.

రాత్రి పది దాటాక వినడానికి పాటలు చెప్పమన్నావు. ముందు ఏరుకునే పద్ధతి చెప్తా, ఆ తర్వాత నాతో పని ఉండదు. సౌండ్ బాగా తగ్గించినా నిలబడేదే రాత్రి పాట. పగలే పరీక్ష పెట్టు. పక్కన మనిషి మామూలుగా మాట్లాడితే పాట కంటే ఆ మాటే పైన వినపడేంత తగ్గించు. అప్పుడూ పల్లవిలో ప్రతి మాటా తెలుస్తుంటే జాబితాలో వేసుకో. తెలియకపోతే ఎంత ఇష్టమైన పాటైనా పగటికి వదిలెయ్. సౌండ్ తగ్గేకొద్దీ మన చెవికి బేస్, అంటే డ్రమ్స్ లాంటి లోతు శబ్దం, ముందు పోతుంది, గొంతు చివరిదాకా ఉంటుంది. డ్రమ్స్ మీద నడిచే పాట అందుకే చప్పబడిపోతుంది. చప్పగా ఉందని సౌండ్ పెంచుతావు, నిద్ర కాస్తా ఎగిరిపోతుంది.

ఈ పరీక్షలో పాతవే ఎక్కువ నెగ్గుతాయి. మన కడప జిల్లా బి.ఎన్.రెడ్డి గారు 1951లో తీసిన 'మల్లీశ్వరి'లో భానుమతి పాడిన 'మనసున మల్లెల మాలలూగెనే' తప్పకుండా ఉండాలి. కృష్ణశాస్త్రి మాటలు, సాలూరి రాజేశ్వరరావు బాణీ. వాద్యాలు ఎక్కడా గొంతును తొక్కవు, ఎంత తగ్గించినా మాట చెదరదు. 1955 'మిస్సమ్మ'లో 'రావోయి చందమామ', 1957 'మాయాబజార్'లో 'లాహిరి లాహిరి' దాని పక్కన పెట్టు. ఇవి మోనో రికార్డింగులు, అంటే రెండు చెవులకూ ఒకటే శబ్దం వస్తుంది, ఒక్క చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకున్నా ఏమీ పోదు. 1989 'గీతాంజలి' లాంటివి స్టీరియో. ఒక చెవితో వింటే ఒక పక్క వాద్యాలు పోతాయి. ఫోన్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీలోకి పోయి మోనో ఆడియో ఆన్ చేసుకుంటే రెండు పక్కలవీ కలిసి వస్తాయి.

ఆల్బమ్ మొత్తం ఎత్తి జాబితాలో వేయొద్దు. 'శంకరాభరణం' ఎంత గొప్పదైనా 'శంకరా నాదశరీరాపరా' నిద్రమత్తు వదిలించే పాట. అందులోనే సామ రాగంలో సదాశివ బ్రహ్మేంద్రుల కీర్తన 'మానస సంచరరే' ఉంది, అది తీసుకో. 'సితార'లో 'వెన్నెల్లో గోదారి అందం' పేరు చూసి చివర్లో పెట్టేవు సుమా! జానకి గారికి జాతీయ అవార్డు తెచ్చిన పాట అది, దుఃఖం పొంగి పొర్లుతుంటుంది. మొదట్లోనే వినెయ్.

మాటలున్నవి ముందు, లేనివి తర్వాత. మాట వినపడుతున్నంతసేపూ మనసు దాని వెంట పోతూనే ఉంటుంది. చివరికి శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటార్ కలిసిన 1967 నాటి 'కాల్ ఆఫ్ ది వ్యాలీ' ఆల్బమ్ బాగుంటుంది. దాన్ని కూడా మొదటినుంచి పెట్టొద్దు, పొద్దుటి రాగం అహిర్ భైరవ్‌తో మొదలవుతుంది. చివరనున్న దేశ్, పహాడీ రాగాలు చాలు.

అంతా కలిపి నలభై ఐదు నిమిషాలు మించనీయకు. స్లీప్ టైమర్ అంతకే పెట్టి, ఆటోప్లే ఆపెయ్. లేకపోతే పహాడీ అయిపోగానే ఏదో మాస్ పాట మీద పడుతుంది. 8డీ (పాట తల చుట్టూ తిరుగుతున్నట్టు మార్చినవి) అనీ రీమిక్స్ అనీ పెట్టేవి దించుకోవద్దు, వాటిలో కలిపిన ఎకోకి మాటలు అలుక్కుపోతాయి. 320 కేబీపీఎస్ అనే మంచి క్వాలిటీలో దించుకున్నా ఐదు నిమిషాల పాట 12 ఎంబీ అవుతుంది, పదీ పన్నెండు పాటలకు ఫోన్ ఏం నిండదు.

ఎండాకాలం కూలర్ హోరుకు పోటీగా సౌండ్ పెంచడం అందరూ చేసే తప్పు. కూలర్ కిటికీ దగ్గర ఉంటే చిన్న స్పీకర్‌ను తలగడకు రెండడుగుల్లో పెట్టుకో, పెంచే పని ఉండదు. మిద్దె మీద పడుకున్నరోజు గదిలో పెట్టుకునే దాంట్లో సగం చాలు, పక్క మిద్దె వాళ్లకూ నిద్ర కావాలి. ఇయర్‌ఫోన్లు చెవిలో ఉంచుకుని మాత్రం నిద్రపోవద్దు. పక్కకు తిరిగితే ఒత్తుకుని చెవి నొప్పి పెడుతుంది.

జాబితా వేసుకున్నాక వరుస రాసి పంపు, ఏది ఎక్కడ మార్చాలో చెప్తా.

మీ మామ, కడప