ఆ కవర్ మార్చు, అమ్మడూ

అమ్మడూ,

కొత్త కథకుల సంకలనం వేస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెబితే భలే సంబరపడ్డాను. నా తర్వాత మన ఇంట్లో పుస్తకాల గొడవ ఎవరికీ పట్టదనుకున్నాను. కానీ నువ్వు వాట్సాప్‌లో పెట్టిన కవర్ చూశాక రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ముందుమాట రాసిన పెద్దాయన పేరేమో తాటికాయంత అక్షరాల్లో! కథలు రాసిన పిల్లల పేర్లు వెనక అట్ట మీద, అదీ భూతద్దం పెడితే గానీ కనపడవు. ఏమిటే ఇది?

కాగితం, పుస్తకానికి వేసే ఐఎస్‌బీఎన్ నంబరు సంగతులు నీకు తెలుసు. ప్రూఫులు మాత్రం ఇద్దరి చేత చూపించు.

విజయవాడ ఏలూరు రోడ్డులో నేను పనిచేసిన పుస్తకాల షాపు ఓనరు ఇదే పని చేశాడు. పేరున్న రచయిత కథ ఒక్కటి తీసుకుని, మిగతావన్నీ కొత్తవాళ్ళవి కలిపి, అట్టంతా ఆయన పేరే కొట్టించాడు. మొదట్లో బాగానే అమ్ముడుపోయింది. తర్వాత కొన్నవాళ్ళు తిరిగొచ్చి, కౌంటర్లో ఉన్న నన్ను పట్టుకున్నారు: "ఆయన పుస్తకమనేగా ఇచ్చావు?" గ్రంథాలయాల ఆర్డర్లు ఆగిపోయాయి. అదంతా పోనీ. ఆ కొత్తవాళ్ళలో ఒక కుర్రాడు గుడివాడ నుంచి వాళ్ళ నాన్నను వెంటబెట్టుకుని వచ్చాడు. అచ్చులో అతని మొదటి కథ. ఆ పెద్దమనిషి పుస్తకం అటూ ఇటూ తిప్పి "నీ పేరేదిరా?" అన్నాడు. పిల్లాడు గబగబా లోపలి పేజీలు తిప్పుతున్నాడు. కథ నిజంగా బాగుంటుంది, నాకిప్పటికీ గుర్తే. అతని పేరు మళ్ళీ ఎక్కడా చూడలేదు.

ముందుమాట రాసిన పెద్దాయన పేరు లేకపోతే ఎవరు కొంటారు మావయ్యా అంటావు. తక్కువే కొంటారు, కాదనను. 'ముందుమాట' అని స్పష్టంగా రాసి, కింద చిన్నగా వెయ్. కవర్ ఆయనకు చూపించి, సరేనని రాయించుకో. ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు రచయిత గడిలో ఆయన పేరు ఎక్కించకు. 2019 నాటి వినియోగదారుల చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా వెయ్యొచ్చు.

వెనక అట్ట మీది చలం మాట ఎక్కడిది? వాట్సాప్‌లోదైతే తీసెయ్, ఆయన రాయనివి ఆయన పేరుతో బోలెడు తిరుగుతున్నాయి. ఏ పుస్తకం, ఏ పేజీ చెప్పగలిగితేనే ఉంచు. ఆయన పోయింది 1979లో. రచయిత పోయాక 60 ఏళ్ళు హక్కులుంటాయి కాబట్టి, ఆయన కథే వెయ్యాలంటే 2039 చివరి దాకా అనుమతి కావాలి. 1915లో పోయిన గురజాడకైతే ఆ బెడద లేదు.

కోప్పడ్డానని అలగకు. ఆ పిల్లల పేర్లు ముందుకు తెచ్చి కొత్త కవర్ పంపు. నాకు పది కాపీలు పక్కన పెట్టు. డబ్బులు తీసుకోవాలి, ఊరికే ఇస్తే ఊరుకోను.

మీ మావయ్య