నాన్నగారి పాత ఫోన్: కొత్తది కొనాలా, సైబర్ ఇన్సూరెన్స్ తీసుకోవాలా?

ప్రశ్న: మా నాన్నగారు ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. అమ్మా ఆయనా రాజమండ్రిలో ఉంటారు. రిటైర్మెంటు డబ్బు 14 లక్షలు ఒకే బ్యాంకులో ఎఫ్‌డీలుగా ఉంది. పింఛను ఖాతా, యూపీఐ, బ్యాంకు యాప్ అన్నీ ఒకే ఫోన్‌లో. ఆ ఫోన్ 2019లో కొన్నది, ఆండ్రాయిడ్ 9 దగ్గరే ఆగిపోయింది. ఆ మధ్య స్కూటర్‌కి చలానా పడిందంటూ లింకు వస్తే నొక్కారు. ఎర్రటి పేజీ వచ్చి, ఇది మోసపు సైట్ అని ఆపేసింది. కొన్నాళ్ళకి అలాంటిదే ఇంకో లింకు నొక్కితే ఏ హెచ్చరికా లేకుండా తెరుచుకుంది. బండి నంబరు, ఫోన్ నంబరు కొట్టేశారట. కార్డు నంబరు అడిగేసరికి అనుమానం వచ్చి మానేశారు. ఒకసారి ఆపిన ఫోన్ రెండోసారి ఎందుకు ఆపలేదు? కొత్త ఫోన్ కొనాలా, లేక సైబర్ ఇన్సూరెన్స్ తీసుకుంటే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ నాన్నగారు కార్డు నంబరు దగ్గర ఆగారంటే ఆయన జాగ్రత్తపరుడే. బస్సు నడిపి బతికిన మనిషికి చలానా అనే మాటే టెన్షన్. మోసగాళ్ళు పట్టుకునేది సరిగ్గా ఆ భయాన్నే. ఈ విషయంలో ఆయన్ని దయచేసి ఏమీ అనకండి. ఒకసారి కోప్పడితే, రేపు ఏదైనా జరిగినప్పుడు మీకు చెప్పడానికి వెనకాడతారు. డబ్బు వెనక్కి రావాలంటే వెంటనే చెప్పడమే ముఖ్యం.

ఇక మీ ప్రశ్నకి వస్తే, కొత్త ఫోన్ కొనండి. అంతకంటే ముందు, ఈ వారంలోనే, డబ్బుని విడదీయండి. ఇన్సూరెన్స్ సంగతి ఆ రెండూ అయ్యాక చూద్దాం.

ఎర్ర పేజీ ఒకసారి వచ్చి ఒకసారి ఎందుకు రాలేదో చెబుతాను, ఎందుకంటే ఫోన్ మీద ఎంత ఖర్చు పెట్టాలో అక్కడే తేలుతుంది. ఫోన్‌లో సైట్లు తెరిచే క్రోమ్ బ్రౌజర్‌లో సేఫ్ బ్రౌజింగ్ అని ఒక ఏర్పాటు ఉంది. మోసపు సైట్లని తేలిన చిరునామాల జాబితా గూగుల్ దగ్గర ఉంటుంది. మీరు లింకు నొక్కగానే ఆ చిరునామా జాబితాలో ఉందా అని బ్రౌజర్ చూస్తుంది. ఉంటే ఎర్ర పేజీ, లేకపోతే సైట్ తెరుచుకుంటుంది. ఐఫోన్‌లో సఫారీ కూడా ఇదే పద్ధతిలో హెచ్చరిస్తుంది. చాలాకాలం ఈ జాబితా 30 నుంచి 60 నిమిషాలకోసారి తాజా అయ్యేది. అయితే మోసపు సైట్లు సగటున 10 నిమిషాల్లోపే పుట్టి మాయమవుతున్నాయని 2024 మార్చిలో గూగులే చెప్పింది. అందుకే అప్పటినుంచి క్రోమ్‌లో అప్పటికప్పుడు సర్వర్‌ని అడిగి చూసే పద్ధతి తెచ్చింది. అంటే నాన్నగారికి వచ్చిన మొదటి లింకు అప్పటికే పట్టుబడ్డది. రెండోది చాలామటుకు ఇంకా ఎవరి కంటా పడని కొత్త సైట్ అయ్యుంటుంది. ఎంత ఖరీదైన ఫోన్‌లోనైనా ఈ సందు ఉంటుంది. కాబట్టి హెచ్చరిక రాలేదంటే సైట్ మంచిదని అర్థం కాదని ఆయనకి నెమ్మదిగా చెప్పండి.

మరి పాత ఫోన్‌తో వచ్చిన నష్టమేమిటి? జాబితా ఒక దారిలో వస్తుంది, బ్రౌజర్ ఇంకో దారిలో, ఫోన్ సాఫ్ట్‌వేర్ మరో దారిలో. క్రోమ్ ప్లే స్టోర్ నుంచి అప్‌డేట్ అవుతుంది. చాలా యాప్‌లు లింకుల్ని తమ లోపలే తెరవడానికి వాడే వెబ్‌వ్యూ అనే భాగం కూడా అక్కడినుంచే. ఆండ్రాయిడ్ 8, 9 ఉన్న ఫోన్లకి క్రోమ్ 138 ఆఖరి వెర్షన్. 2025 ఆగస్టులో వచ్చిన 139 నుంచి ఆండ్రాయిడ్ 10 ఉండాల్సిందే. మీ నాన్నగారి ఫోన్‌లో క్రోమ్ ఇప్పటికీ తెరుచుకుంటుంది, ఎర్ర పేజీలూ అప్పుడప్పుడూ వస్తాయి. కానీ ఆ తర్వాత బ్రౌజర్‌లో బయటపడ్డ ఏ లోపానికీ ఆ ఫోన్‌లో మరమ్మతు లేదు. ఇక ఫోన్ తయారీ కంపెనీ పంపే సెక్యూరిటీ ప్యాచ్, అంటే ఫోన్ సాఫ్ట్‌వేర్ లోపాలకి మరమ్మతు, ఏ తేదీ దగ్గర ఆగిందో సెట్టింగ్స్‌లో ఆండ్రాయిడ్ వెర్షన్ పక్కనే కనిపిస్తుంది. ఒకసారి చూడండి. ఏళ్ళ కిందటి తేదీ కనిపిస్తే, ఆ ఫోన్ నుంచి 14 లక్షలు అందుబాటులో ఉండటం నాకు నచ్చదు.

ఈ మూడో దారి, అంటే ఫోన్ సాఫ్ట్‌వేర్ దారి, ఎంత నెమ్మదో 2011లో తెలిసొచ్చింది. సైట్లకి గుర్తింపు సర్టిఫికెట్లు ఇచ్చే డిజినోటార్ అనే డచ్ సంస్థలోకి హ్యాకర్లు చొరబడి, గూగుల్ పేరు మీదే దొంగ సర్టిఫికెట్ పుట్టించారు. దాన్ని ఇరాన్‌లో జనం మీద వాడారు. ఆ సంస్థని నమ్మవద్దని కంప్యూటర్ బ్రౌజర్లకి రోజుల్లోనే అప్‌డేట్ అందింది. ఆండ్రాయిడ్ ఫోన్లు మాత్రం తయారీ కంపెనీ పంపేదాకా ఎదురుచూడాల్సిందే. ఏ సర్టిఫికెట్ సంస్థల్ని నమ్మాలో ఫోన్‌కి చెప్పే జాబితాని ఫోన్ కంపెనీతో పని లేకుండా గూగులే ప్లే సిస్టమ్ అప్‌డేట్ ద్వారా మార్చగలిగింది ఆండ్రాయిడ్ 14 నుంచి, అంటే 2023లో. కాబట్టి కొనబోయే ఫోన్‌లో కనీసం ఆండ్రాయిడ్ 14 ఉండాలి.

ఇప్పుడు లెక్క. షాపులో కెమెరా, ర్యామ్ చెబుతారు. మీరు అడగాల్సింది సెక్యూరిటీ అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా వస్తాయని. 12 వేల ఫోన్‌కి రెండేళ్ళే వస్తే ఏడాదికి 6 వేలు పడినట్టు. 18 వేల ఫోన్‌కి ఆరేళ్ళు వస్తే ఏడాదికి 3 వేలు. అంత కాలం ఇస్తామని రాతపూర్వకంగా చెప్పే మోడళ్ళు 20 వేల లోపు కూడా దొరుకుతున్నాయి. ఒక్క మెలిక ఉంది: ఆ సంవత్సరాలు మామూలుగా మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి లెక్క. పండగ ఆఫర్‌లో చవగ్గా దొరికే రెండేళ్ళ నాటి మోడల్‌కి రెండేళ్ళు అప్పుడే తీరిపోయి ఉంటాయి. నెలకి 250 రూపాయలంటే బ్యాంకు లాకర్ అద్దెలాంటి ఖర్చే. వాళ్ళ నెలవారీ బడ్జెట్‌లోనే పెట్టేయండి.

కొత్త ఫోన్ చేతికిచ్చాక ఒక్క సెట్టింగ్ మార్చకపోతే ఇదంతా వృథా. పెద్దవాళ్ళ ఫోన్లలో నేను తరచూ చూసేది ఇది: ఇంట్లో వైఫై ఉండదు, ప్లే స్టోర్‌లో యాప్ అప్‌డేట్లు వైఫై ఉంటేనే అని ఉంటుంది. దాంతో క్రోమ్ నెలల తరబడి అలాగే పడి ఉంటుంది. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ప్రాధాన్యతల్లోకి వెళ్ళి, ఏ నెట్‌వర్క్‌లోనైనా ఆటోమేటిక్‌గా అప్‌డేట్ అయ్యేలా పెట్టండి. మెమరీ గుడ్ మార్నింగ్ వీడియోలతో నిండిపోయినా అప్‌డేట్ దిగదు, నెలకోసారి మీరే ఖాళీ చేయండి. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, సెక్యూరిటీ కింద సేఫ్ బ్రౌజింగ్ ఉంటుంది. అందులో మెరుగైన రక్షణ ఎంచుకోండి. చూసే సైట్ల సమాచారం గూగుల్‌కి కాస్త ఎక్కువ వెళుతుంది, కానీ నాన్నగారి విషయంలో ఆ బేరం నాకు సమ్మతమే.

వాట్సాప్‌లో చలానా పేరుతో వచ్చే ఏపీకే ఫైళ్ళు వేరే ప్రమాదం. అది సైట్ కాదు, యాప్. సైట్ల జాబితా దాన్ని పట్టదు. ఒకసారి ఇన్‌స్టాల్ అయి అనుమతి దొరికితే ఓటీపీ మెసేజులు చదివేస్తుంది. ప్లే స్టోర్‌లో యాప్‌లని తనిఖీ చేసే ప్లే ప్రొటెక్ట్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఎస్ఎంఎస్‌ల లాంటి సున్నితమైన అనుమతులడిగే బయటి యాప్‌లని అడ్డుకునే పద్ధతిని మన దేశంలోనూ ప్రయోగాత్మకంగా మొదలుపెడుతున్నట్టు గూగుల్ 2024 అక్టోబరులో ప్రకటించింది.

డబ్బు విషయానికొద్దాం. ఇదే అన్నిటికంటే ముందు జరగాలి, దీనికి పైసా ఖర్చు లేదు. యూపీఐకి వేరే సేవింగ్స్ ఖాతా తెరిపించి, నెల ఖర్చుకి సరిపడా 20, 25 వేలు మాత్రమే అందులో ఉంచండి. ఎఫ్‌డీలు ఉన్న ఖాతాని ఫోన్‌లోంచి తీసేయండి. చాలా బ్యాంకుల్లో ఎఫ్‌డీని యాప్‌లోనే గడువుకు ముందు రద్దు చేసుకోవచ్చు. మనకి సౌకర్యమైనది దొంగకీ సౌకర్యమే. బ్రాంచికి వెళ్ళి, ఆన్‌లైన్‌లో రద్దు చేసే వీలు ఆపగలరేమో అడగండి. ఆయనకి 60 నిండి ఉంటే, 14 లక్షల్లో కొంత పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో పెడితే మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది, డబ్బంతా ఒకే చోట ఉండదు.

ఇన్సూరెన్స్‌ని ఎందుకు వెనక్కి నెట్టానంటే, ఆర్‌బీఐ 2017 జులై నాటి నిబంధనల్లో ఒక గీత ఉంది. తప్పు బ్యాంకుదీ మీదీ కానప్పుడు, బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాల్లో చెబితే ఖాతాదారుకి నష్టం సున్నా. కానీ ఓటీపీ, పిన్ లాంటివి ఖాతాదారే ఇచ్చేస్తే, బ్యాంకుకి చెప్పేదాకా పోయిందంతా ఆయనదే. నకిలీ సైట్ మోసాలు ఎక్కువగా ఈ రెండో రకమే. పాలసీ కొంటే, తానే వివరాలు ఇచ్చిన సందర్భానికి వర్తిస్తుందా, గరిష్ఠంగా ఎంత ఇస్తారు, ఎన్ని గంటల్లో ఫిర్యాదు చేయాలి అన్నవి పాలసీ కాగితంలో చదివాకే ప్రీమియం కట్టండి. ఏజెంటు నోటిమాట చాలదు.

నాన్నగారికి ఒక మంచి గుర్తు నేర్పవచ్చు. ఆర్‌బీఐ ఆదేశంతో బ్యాంకుల వెబ్‌సైట్లు 2025 అక్టోబరు 31 లోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌తో ముగిసే చిరునామాలకి మారాల్సి వచ్చింది. ఆ పేర్లు ఇచ్చే అధికారం ఆర్‌బీఐ ఏర్పాటు చేసిన, హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ అనే సంస్థ ఒక్కదానికే ఉంది, బ్యాంకులకి తప్ప ఇవ్వదు. చలానా అయితే పరివాహన్ డాట్ గవ్ డాట్ ఇన్‌కి తనే వెళ్ళి బండి నంబరు కొట్టి చూసుకోవాలి. ఏ లింకూ నొక్కాల్సిన పని లేదు.

ఆయన ఆ సైట్లో ఫోన్ నంబరు ఇచ్చారు కనుక, చలానా ఆఫీసు నుంచనో బ్యాంకు నుంచనో కాల్ రావచ్చు. అది ఎత్తకపోయినా నష్టం లేదు. ఖాతాలో రూపాయి కదిలినా ముందు బ్యాంకుకి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆ రెండు నంబర్లూ పెద్ద అక్షరాల్లో రాసి ఇంట్లో అమ్మకీ కనిపించేలా అంటించండి. పాత ఫోన్‌ని ఎక్స్చేంజ్‌లో ఇచ్చేముందు అందులో యూపీఐ, బ్యాంకు యాప్ రిజిస్ట్రేషన్లు రద్దు చేసి, సిమ్ తీసి, ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి.