హెర్2 స్కోరు 2+ వస్తే ఫిష్ టెస్ట్ తప్పనిసరా?

మీ అమ్మగారి రొమ్ము క్యాన్సర్ బయాప్సీ రిపోర్టులో హెర్2 '2+, ఈక్వివోకల్, ఫిష్ చేయించండి' అని ఉందన్నారు. ఈక్వివోకల్ అంటే ఎటూ తేలలేదని, ఫిష్ అంటే జీన్ కాపీలు లెక్కపెట్టే పరీక్ష. జబ్బు ముదిరిందా, ఈ పరీక్ష మానేసి కీమో మొదలుపెట్టవచ్చా అని అడిగారు. నేను పాథాలజీ ల్యాబ్‌లో ఈ స్లైడ్లే చేస్తుంటాను, అక్కడ చూసిందే చెబుతాను.

ఆ 2+కీ జబ్బు ముదరడానికీ సంబంధం లేదండి. జబ్బు ఎంత ముదిరిందో చెప్పేది స్టేజి. ఈ అంకె క్యాన్సర్ కణం పొర మీదున్న హెర్2 ప్రోటీన్‌కి రంగు ఎంత పట్టిందో చెబుతుంది, అంతే. నూటికి పదికి మించిన కణాల్లో పొర చుట్టూ ముదురు గోధుమ రంగు పట్టేస్తే 3+, పాజిటివ్. 0, 1+ అయితే నెగటివ్. 2+లో రంగు పొర చుట్టూ ఉంటుంది గానీ పలచగా ఉంటుంది. అలాంటి స్లైడ్ దగ్గర అనుభవమున్న పాథాలజిస్టులు ఇద్దరు చెరో మాటా చెప్పడం చాలాసార్లు చూశాను.

అందుకే జీన్ దాకా వెళ్లాలి. హెర్2 జీన్ 17వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మామూలుగా కణానికి రెండు కాపీలు. కొన్ని ట్యూమర్లలో ఆ కాపీలు ఎన్నో రెట్లు పెరిగిపోతాయి, ప్రోటీన్ అంతగా తయారయ్యేది అందుకే. ఫిష్‌లో జీన్‌కి ఒక రంగు, ఆ క్రోమోజోమ్ సెంట్రోమియర్‌కి (నడుము లాంటి భాగానికి) ఇంకో రంగు మెరిసేలా చేసి, చీకటి గదిలో కూర్చుని కనీసం 20 కణాల్లో చుక్కలు లెక్కపెడతాం. జీన్ చుక్కలకీ సెంట్రోమియర్ చుక్కలకీ నిష్పత్తి 2 లేదా ఆపైన, కణానికి సగటున జీన్ కాపీలు 4 లేదా ఆపైన ఉంటే పాజిటివ్. రెండూ అంతకన్నా తక్కువైతే నెగటివ్. ఒకటి ఎక్కువై ఇంకోటి తక్కువైన కేసులూ వస్తాయి. అప్పుడు ఐహెచ్‌సీ (మొదట ప్రోటీన్‌కి రంగు పట్టించి 2+ అని చెప్పిన పరీక్ష) స్లైడ్ మళ్లీ చూసి, అవసరమైతే మొదటి లెక్క తెలియని ఇంకొకరితో మళ్లీ లెక్కపెట్టిస్తారు.

దయచేసి ఈ పరీక్ష మాత్రం మానకండి. రొమ్ము క్యాన్సర్లలో నూటికి 15 నుంచి 20 హెర్2 పాజిటివ్. 1998లో హెర్2 మీద పనిచేసే ట్రాస్టుజుమాబ్ అనే మందు రాకముందు వాళ్లకి జబ్బు త్వరగా తిరగబెట్టేది. ఇప్పుడు కీమోతో పాటే ఆ మందు ఇస్తారు, చాలామందికి ఆపరేషన్‌కి ముందే. పాజిటివ్ అని తెలియక ఉత్త కీమోతో సరిపెడితే అసలు మందు చేజారినట్టే. పోనీ అనుమానం మీదే ఇచ్చేయమందామా అంటే, గుండె మీద ప్రభావం చూపగల మందు అది, ఎకో తీస్తూ ఉండాలి. నెగటివ్ వాళ్లకి ఆ ప్రమాదం ఎందుకు? ఫిష్ కోసం ఆగేది మామూలుగా కొద్ది రోజులే. అంతవరకు కూడా ఆగలేని పరిస్థితైతే మీ ఆంకాలజిస్టే చెబుతారు.

అమ్మగారికి మళ్లీ సూది గుచ్చుతారేమోనని భయపడకండి. మొదటి బయాప్సీ ముక్కని పెట్టిన మైనపు బ్లాక్ చాలు. అయితే ఆ ముక్క ఫార్మలిన్‌లో (ముక్క చెడకుండా ఉంచే ద్రవంలో) ఎంతసేపు ఉందో అడగండి. గంటలోపే అందులో వేసి, 6 నుంచి 72 గంటలు ఉంచాలి. ఆలస్యంగా ఫార్మలిన్‌లో పడిన ముక్కల్లో ప్రోబ్ (జీన్‌కి అతుక్కుని మెరిసే పదార్థం) సరిగా అతుక్కోక చుక్కలు మసకబారతాయి. సన్నటి కోర్ బయాప్సీ ముక్కల్లో అంచులు మాత్రమే ముదురుగా రంగు పట్టడం కూడా చూశాను, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. అనుమానంగా ఉంటే బ్లాక్, స్లైడ్లు తీసుకుని వేరే ల్యాబ్‌లో చూపించవచ్చు, అది మీ హక్కు.

ఫిష్ నెగటివ్ వచ్చినా ఆ 2+ వృథా కాదు. 1+ వాళ్లనీ, 2+ వచ్చి ఫిష్ నెగటివ్ అయినవాళ్లనీ ఇప్పుడు 'హెర్2 లో' అంటున్నారు. జబ్బు వేరే అవయవాలకు పాకినప్పుడు వీళ్లలోనూ ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ (ట్రాస్టుజుమాబ్‌కి కీమో మందు జోడించినది) పనిచేస్తుందని 2022లో తేలింది. అందుకే ఐహెచ్‌సీ, ఫిష్ రిపోర్టులు రెండూ దాచి ఉంచండి. ఫిష్ రిపోర్టు వచ్చాక 'నెగటివ్' అన్న ఒక్క మాట చూసి ఊరుకోకుండా, నిష్పత్తి ఎంత, సగటు కాపీలు ఎన్ని, ఎన్ని కణాలు లెక్కపెట్టారు అన్నవి అందులో రాసి ఉన్నాయో లేదో చూసుకోండి.