మాత్ర మానాలంటే ముందు మంచం దిగు

ఒరేయ్ అల్లుడూ,

రాత్రి రెండింటికి కూడా నీ గదిలో లైటు వెలుగుతూనే ఉంటోందని, మెడికల్ షాపు వాణ్ణి అడిగి నిద్రమాత్రలు తెచ్చుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ రెండో మాటకే భయమేసి రాస్తున్నా. రైల్వేలో ముప్ఫై ఏళ్లు నైట్ డ్యూటీలు చేసి, రిటైరయ్యాక హాయిగా పడుకోవచ్చనుకుంటే ఉన్న నిద్ర కూడా పోయింది నాకు. ఆల్ప్రజోలామ్ మాత్ర ఒక్క వారం అనుకుని మొదలుపెట్టి రెండేళ్లు మింగాను.

రోజూ వేసుకుంటుంటే మాత్రం ఒక్కసారిగా ఆపకు. నేను పౌరుషానికి పోయి ఓ రోజు షీటు మొత్తం చెత్తబుట్టలో పడేస్తే మూడు రాత్రులు చేతులు వణికి, గుండె దడదడలాడింది. అలా ఆపితే కొందరికి ఫిట్స్ కూడా వస్తాయని డాక్టరు తిట్టి, డోసు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చి మూణ్ణెల్లకి మాన్పించాడు.

అసలు మందు ఆయన తర్వాత చెప్పాడు. తొమ్మిదికే పక్క ఎక్కి ఆరింటిదాకా దొర్లేవాణ్ణి, అందులో నిద్ర ఐదున్నర గంటలే. "అయితే మంచం మీద ఐదున్నర గంటలే ఉండండి, పన్నెండుకి పడుకుని, పట్టినా పట్టకపోయినా ఐదున్నరకి లేవండి" అన్నాడు. నిద్ర లేదని మొత్తుకుంటుంటే ఉన్నది కూడా కోస్తాడేంటని నాకు ఒళ్లు మండింది. మాత్రల్లేకుండా అలవాట్లు, ఆలోచనలు మార్చి నిద్ర పట్టించే సీబీటీ-ఐ అనే చికిత్సలో ఇదొక భాగమట, మాత్రల కంటే ముందు ఆ చికిత్సే చేయించాలని 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ కూడా చెప్పిందట. మొదటి వారం నరకమే, ఏడింటికే కుర్చీలో తూలిపోతుంటే మీ అత్త తట్టి లేపేది. రెండో వారం చివర్లో దిండు మీద తల పెట్టింది గుర్తుంది, ఆ తర్వాత తెల్లారింది! అప్పట్నుంచి వారానికో పావుగంట ముందుకు జరుపుకుంటూ ఇప్పుడు పదిన్నరకి పడుకుంటున్నా.

నువ్వూ వారం రోజులు ఎన్నింటికి పడుకున్నావో, సుమారుగా ఎంతసేపు నిద్రపోయావో రాసుకుని, మంచం మీద అంతసేపే ఉండటంతో మొదలుపెట్టు, ఐదు గంటల కంటే తగ్గించకు. మొదట్లో పగలు బాగా కునుకొస్తుంది కాబట్టి ఆ రోజుల్లో బండి తీయకు, బస్సెక్కు. ఫిట్స్ ఉన్నవాళ్లు, బైపోలార్ అనే మానసిక జబ్బు ఉన్నవాళ్లు దీన్ని సొంతంగా చేయకూడదు.

పడుకున్నాక ఇరవై నిమిషాలైనట్టు అనిపిస్తే (గడియారం చూడకు, దాన్ని గోడకి తిప్పి పెట్టు) లేచి హాల్లోకి పో. నేను మర్నాటి కూరకి చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చునేవాణ్ణి, మీ అత్తకి మాత్రం నా జబ్బు అప్పుడే బాగుండేది. కళ్లు మూతలు పడితేనే మళ్లీ మంచం. ఫోన్ ముట్టుకున్నావో, ఆ రాత్రి అంతే సంగతులు.

సాయంత్రం నాలుగింటికి తాగిన కాఫీలోని కెఫీన్ సగం దాకా రాత్రి తొమ్మిదికి కూడా ఒంట్లోనే ఉంటుంది, మధ్యాహ్నం భోజనం తర్వాత మానెయ్. పెగ్గు వేస్తే త్వరగానే పడుతుంది, మూడింటికి లేపి కూర్చోబెడుతుంది. గసగసాల పాలంటావా, ఇష్టమైతే తాగు.

ఇంకోటి, నీ గురక పక్కింటికి వినిపిస్తోందని మీ అమ్మ నవ్వుతూ చెప్పింది, నాకు నవ్వు రాలేదు. నిద్రలో ఊపిరి ఆగుతోందేమో, స్లీప్ టెస్ట్ చేయించుకో. అదే అయితే ఈ మాత్రలు ఇంకా ప్రమాదం.

ఆదివారమైనా సరే లేచే టైము మారకూడదు. ఐదున్నరకి ఫోన్ చేస్తా, ఎత్తు.

మీ మావయ్య